తోడల్లుడి షెడ్డు

చెవి మేస్త్రీ అంటేనే ఆ వీధిలో అతన్ని గుర్తుపట్టేవారు. బానెట్ ఎత్తకుండానే, ఇంజను శబ్దం విని జబ్బేమిటో చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లుగా అదే షెడ్డు, అదే పేరు. ఎదుటి షెడ్డులో అతని తోడల్లుడు రేడియేటర్లకు అతుకులు వేసేవాడు. వయసులో చిన్నవాడు, పేరులోనూ చిన్నవాడే. అందుకే ఇద్దరికీ సఖ్యత.

ఆ చిన్నవాడు ఆరు నెలలు శిక్షణకు వెళ్లొచ్చి, కరెంటు కార్లు బాగుచేస్తానని బోర్డు పెట్టాడు. మేస్త్రీ నవ్వాడు. ఏడాది తిరిగేసరికి నవ్వు రాలేదు. ఎదుట కార్లు బారులు తీరుతుంటే, తన షెడ్డులోకి తొంగిచూసినవాళ్లు కూడా "మీ తోడల్లుడు ఉన్నాడా?" అనే అడిగేవాళ్లు. ఇంట్లో భార్య ఒకతి.

"మా మరిది తెల్లచొక్కా వేసుకుని పనిచేస్తాడు, చూశారా? మీ బట్టలు ఉతకలేక చస్తున్నా."

ఆ పూట మేస్త్రీకి అన్నం సహించలేదు. చివరికి చొక్కాను చూసి కూడా కుళ్లుకుంటున్నానా అని తనమీద తనకే రోత పుట్టింది. కుళ్లు మాత్రం తగ్గలేదు.

ఒక ఉదయం తోడల్లుడే వచ్చాడు.

"అన్నయ్యా, ఆస్పత్రి నర్సమ్మగారి కరెంటు కారులో ఏదో మూలుగు వస్తోందట. కంప్యూటరేమో అంతా బాగుందంటోంది. ఒక్కసారి విని చెప్పవా?"

ఇద్దరూ ఎక్కిన కారు వీధి మలుపు తిరగకముందే మేస్త్రీకి తెలిసిపోయింది. వెనక కుడిచక్రం బేరింగు అరిగింది. ఇంజను మోత లేదు కాబట్టి మరీ స్పష్టంగా వినిపిస్తోంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"నాకేం వినపడలేదు."

"నీకు వినపడలేదంటే లేనట్టే," అంటూ తోడల్లుడు కారును నర్సమ్మకు అప్పగించేశాడు.

ఆ నమ్మకం మేస్త్రీని నిలవనివ్వలేదు. ఆమె రోజంతా ఆ కారులోనే రోగుల ఇళ్లకు తిరిగే మనిషి. మధ్యాహ్నానికల్లా ఆస్పత్రికి పరుగెత్తి, కారు తీయొద్దని ఆమెకు చెప్పి, తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"పొద్దున అబద్ధం చెప్పాను. బేరింగు పోయింది. నువ్వు బాగుపడుతుంటే చూడలేకపోయాను."



"చూడలేకపోతే చూడకు అన్నయ్యా. మనుషుల ప్రాణాలతో మాత్రం చెలగాటమాడకు."

వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో రోజు మేస్త్రీయే రోడ్డు దాటాడు.

"నాకూ ఆ బ్యాటరీ పని నేర్పు."

"నేను నేర్పితే నీకెక్కదు. నేను నేర్చుకున్న చోటికే వెళ్లు," అన్నాడు తోడల్లుడు, ఇంకా ముభావంగానే. కానీ ఆ సాయంత్రమే రెండు కార్లను బ్రేకుల పనికని మేస్త్రీ షెడ్డుకు పంపాడు.

యాభై రెండేళ్ల వయసులో మేస్త్రీ మొదటి వరస బల్లమీద కూర్చుని పాఠాలు రాసుకున్నాడు. పరీక్ష నెగ్గాడు. సర్టిఫికెట్ చేతిలో పెట్టిన మాస్టారిని అడిగిన మొదటి మాట:

"మా తోడల్లుడికి ఎన్ని మార్కులొచ్చాయండీ?"

తనకంటే రెండు ఎక్కువట. మళ్లీ పరీక్ష ఎప్పుడో కనుక్కునే ఇంటికి బయల్దేరాడు.