ఏలకుల రొట్టెల పెట్టె

మొన్న ఆదివారం మా మనవరాలిని తెలుగు క్లాసులో దింపడానికి మా అమ్మాయితో కలిసి ప్లెయిన్స్‌బరో వెళ్ళాను. వారం వారం ఒక స్కూలు భోజనాల హాల్లో నడుస్తుంది ఆ క్లాసు. తలుపుకి ఒక అట్ట అంటించారు, ఈ గడప దాటితే తెలుగే మాట్లాడాలి, పెద్దలకైనా ఇదే నియమం అని. మా అమ్మాయి గడప దాకా వచ్చి, "ఐ విల్ బి ఇన్ ద కార్, అమ్మా" అని వెనక్కి తిరిగింది. ఆ అట్ట మీద ఏముందో కూతుర్ని అడిగి తెలుసుకుందట. తనకి తెలుగు రాదు. రాకుండా చేసినదాన్ని నేనే, ఆ సంగతీ చెబుతాను.

లోపలికి వెళ్ళగానే క్లాసు నడిపే కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. వాళ్ళకి సొంత భవనం కట్టుకోవాలని ఉందట, చందాల కోసం పెద్ద డిన్నరు పెడుతున్నారట. "ఆంటీ, మీరు ఓ ఫైవ్ మినిట్స్ మీ చిన్నప్పటి సంగతులు షేర్ చేసి, లాస్ట్‌లో ఒక పద్యం చదవండి. పద్యానికి ముందు చిన్న పాజ్ ఇవ్వండి, జనం ఎమోషనల్‌గా కనెక్ట్ అవుతారు" అన్నాడు. సరిగ్గా ఆ మాటే నేనొక మనిషికి నేర్పాను, నలభై ఏళ్ళు దాటిపోయింది.

డెబ్బైల చివర్లో మావారి ఉద్యోగం కోసం మిన్నెసోటా వెళ్ళాం. ఆ చలి సంగతి మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మనందరం తలా ఒక ఊళ్ళో అనుభవించినదే. తణుకులో టైపు హయ్యరు పాసైన చేతులు ఖాళీగా ఉండలేక, పేపర్లో ప్రకటన చూసి ఒక కమిటీ ఆఫీసులో చేరాను. పిల్లలకి స్వీడిష్ నేర్పడానికి సరస్సు ఒడ్డున వేసవి శిబిరం కట్టాలన్నది వాళ్ళ సంకల్పం. రెండు వారాలు పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, స్వీడిష్ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. కమిటీ అధ్యక్షురాలు ఒక డాక్టరుగారి భార్య, ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది, ఆ నవ్వు చూస్తే నాకు భయం.

ఆ శిబిరానికి స్థలం ఇచ్చింది ఒక పెద్దాయన. భార్య పోయింది, పిల్లలు లేరు, పైను చెట్ల మధ్య సరస్సుని ఆనుకుని ఉన్న తన నేలంతా ఉచితంగా రాసిచ్చాడు. అడిగింది ఒక్కటే. శిబిరం తెరిచిన రోజున పిల్లల బల్ల దగ్గర కూర్చుని వాళ్ళతో ఒక పూట భోజనం చేయాలి, వాళ్ళు తన తల్లి భాషలో మాట్లాడుకుంటుంటే వినాలి. తను మాట్లాడలేడు. ఆరేళ్ళప్పుడు బళ్ళో స్వీడిష్ మాట్లాడాడని టీచరు నోట్లో సబ్బు కుక్కిందట, ఆ సాయంత్రమే తండ్రి ఇంట్లో ఆ భాష మానిపించేశాడట. పడుకోబోయే ముందు తల్లి చెప్పించిన నాలుగు పాదాల ప్రార్థన ఒక్కటే మిగిలింది.

దానపత్రం టైపు చేసింది నేనే. ఆయన కోరిక కూడా రాయనా అని అడిగితే అధ్యక్షురాలు నవ్వి, ఇలాంటివి కాగితం మీద పెట్టుకుంటారా అంది. నేను రాయలేదు. రాసి ఆయన ముందు పెడితే నన్నేం చేసేది? మహా అయితే ఉద్యోగం పోయేది. ఆ మహా అయితేకే భయపడ్డాను.

స్థలం వచ్చింది కానీ కట్టడానికి డబ్బు కావాలి కదా. శనివారం శనివారం ఒక్కో ఊరి చర్చి నేలమాళిగలో విందు పెట్టేవాళ్ళం. క్షారపు నీళ్ళలో నానబెట్టి ఉడికించిన ఎండు చేప, ముంజెల్లా వణికేది. ఆ వాసనకి ముక్కు బిగబట్టి, చీర కొంగు దోపుకుని వడ్డించేదాన్ని. భోజనాలయ్యాక పెద్దాయన లేచి సబ్బు కథ చెప్పాలి. మొదటి ఊళ్ళో తడబడుతూ గబగబా చెప్పేసి కూర్చున్నాడు, ఎవరికీ పట్టలేదు. అప్పుడు నేను, తెలివైనదాన్ని కదా, కథంతా టైపు చేసి ఆయనకిచ్చాను. సబ్బు దగ్గర ఆగండి, కళ్ళద్దాలు తీయండి, అయిదు అంకెలు లెక్కపెట్టి అప్పుడు ప్రార్థన అందుకోండి అని నేర్పాను. తర్వాతి ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు, మగవాళ్ళు చెక్కుబుక్కులు తీశారు. అధ్యక్షురాలు నా భుజం తట్టింది. ఆ తట్టుకి నేనెంత పొంగిపోయానో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అలా రెండు చలికాలాలు తిప్పాం ఆయన్ని. మొదట్లో నిజంగానే ఏడ్చేవాడు. పోనుపోను కన్నీళ్ళు రావడం మానేస్తే, జేబురుమాలు కళ్ళకి అద్దుకోమన్నాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో వ్యానులో నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "ఇదివరకు ఆ ప్రార్థన చెప్పుకుంటే మా అమ్మ గొంతు వినిపించేదమ్మా. ఇప్పుడు నీ గొంతు వినిపిస్తోంది, ఆగండి, కళ్ళద్దాలు తీయండి అని." వచ్చే శనివారం ఏ ఊరో చెప్పాను.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరింది. పిల్ల రెండు భాషలూ కలిపేస్తోంది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని టీచరు చీటీ పంపింది. ఆ సాయంత్రం నుంచే నేను తెలుగు మానిపించాను. అమ్మా అన్న పిలుపొక్కటి ఎలాగో మిగిలింది. శనివారాలు సబ్బు కథకి జనాన్ని ఏడిపించి, ఆదివారాలు నా పిల్ల తెలుగు మాట జారితే కళ్ళెర్రజేసేదాన్ని. రెండూ ఒకే చేత్తో చేస్తున్నానని తట్టలేదంటే ఎవరైనా నమ్ముతారా? తట్టింది. పక్కకి నెట్టేశాను.

శిబిరం తెరిచిన రోజు పట్టుచీర కట్టుకు రమ్మంది అధ్యక్షురాలు. నాకు పది స్వీడిష్ వాక్యాలు బట్టీ పట్టించి గేటు దగ్గర నిలబెట్టింది. ఇండియా ఆవిడే నేర్చుకోగా లేనిది మీ పిల్లలకి రాదా అని తల్లిదండ్రులకి చూపించడానికి. పత్రిక వాళ్ళూ వచ్చారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఇంగ్లీషు పుస్తకాలూ రేడియోలూ నాకు అప్పగించి, స్వీడిష్ పేరు ఒకటి ఎంచుకుని లోపలికి వెళుతున్నారు.

మధ్యాహ్నం భోజనం వేళకి పెద్దాయన వచ్చాడు. అంత ఎండలో ఉన్ని కోటు, టై. చేతిలో అట్టపెట్టె నిండా ఏలకుల రొట్టెలు, తనే కాల్చాడట. ఆ ఏలకుల వాసనకి నాకు ఇల్లు గుర్తొచ్చింది. వచ్చేశానమ్మా అన్నాడు ఇంగ్లీషులో. నా వెనక అధ్యక్షురాలు, పక్కన కెమెరా. నేను స్వీడిష్‌లో మీ పేరేమిటి అని అడిగాను. అర్థం కాక నవ్వాడు. ఎక్కడి నుంచి వచ్చారు అన్నాను. వరసలో ఉన్న పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు మూడో వాక్యం చెప్పాను, ఇక్కడ స్వీడిష్ మాత్రమే మాట్లాడతాం అని. చెబుతూ చెయ్యి అడ్డం పెట్టాను. తణుకు పిల్లని, బట్టీ పట్టిన భాషలో, ఆయన నేల మీద నిలబడి, ఆయన్ని ఆపాను.

మాట అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది. పాపం, కళ్ళద్దాలు తీశాడు. నేను నేర్పినట్టే అయిదు అంకెలసేపు ఆగాడు. ఆ ప్రార్థన నాలుగు పాదాలూ చెప్పాడు. పట్టపగలు నిద్రపోయే ముందు చెప్పే ప్రార్థన చెబుతున్నాడని పిల్లలు పడీపడీ నవ్వారు. అధ్యక్షురాలు చప్పట్లు కొట్టి, ఆయన చేతిలోంచి పెట్టె అందుకుని, భుజం తట్టి, లోపలికి వెళ్ళిపోయింది. రొట్టెలు లోపలికి వెళ్ళాయి, ఆయన వెళ్ళలేదు. నేను గేటు వేశాను.

మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది. పది కాపీలు కొని తణుకు పంపాను.

ఆయన ఇంకో ఆరేళ్ళు బతికాడు. వేసవి భోజనాల వేళకి శిబిరం పక్క రోడ్డు మీద తన ట్రక్కు ఆపుకుని, అద్దం దించుకుని కూర్చునేవాడు. ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. ఒక్కసారైనా కారు ఆపి పలకరించలేదు. మొహం చెల్లలేదు.

ఇన్నేళ్ళలో ఏం మారిందని ఆలోచిస్తే, ఇప్పుడు ఏ బళ్ళోనూ నోట్లో సబ్బు కుక్కరు, ఇంట్లో మాట్లాడొద్దని చీటీలు పంపరు. గేట్లు మాత్రం మనమే కట్టుకుంటున్నాం, పోగొట్టుకున్న వాళ్ళ కన్నీళ్ళతో కట్టి, వాళ్ళనే బయట నిలబెడుతున్నాం. క్లాసు కుర్రాడికి సరేనన్నాను. ఒక్క షరతు పెట్టాను, డిన్నరు రోజే కాదు, ప్రతి ఆదివారం మా అమ్మాయిని లోపల కూర్చోనివ్వాలని, మాట్లాడకపోయినా వింటుందని. "డెఫినిట్‌గా ఆంటీ, అదేం ఇష్యూ కాదు" అన్నాడు నవ్వుతూ. నేనూ కాగితం మీద రాయించుకోలేదు.

కిటికీలోంచి పార్కింగులోకి చూశాను. మా అమ్మాయి కారు అద్దం దించుకుని కూర్చుంది. లోపల పిల్లలు పద్యం వల్లె వేస్తున్నారు. పద్యానికి ముందు ఎంతసేపు ఆగాలో ఆ కుర్రాడు మళ్ళీ చెప్పబోయాడు. నాకు తెలుసు నాయనా, అయిదు అంకెలు, అన్నాను.