తాతను దాటి నడిచిన రోజు

ఎంత దూరం నడిచామో తెలియాలంటే అడుగులు లెక్కపెట్టుకోవడం ఒక్కటే మార్గమని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అరవైల చివర. నాకు ఇరవై రెండేళ్లు. తార్నాకలో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని, ఆ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక శాఖలో రోజుకూలి మీద అంకెలు కూడే పని చేసేవాణ్ణి. మెట్రిక్కు దాటి చదువు సాగలేదు గాని, భిన్నాలూ వర్గమూలాలూ పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదురైనదాన్నల్లా లెక్కపెడతాడు. నా గది గుమ్మం నుంచి మా శాఖ మెట్ల దాకా రెండువేల ఆరువందల నలభై అడుగులు (ఎనిమిది రోజులు లెక్కించి తీసిన సగటు, నవ్వకండి). నిమిషానికి నూరడుగుల చొప్పున ఇరవయ్యారు నిమిషాల చిల్లర. ఈ లెక్క నా జీవితంలో ఒకే ఒక్కసారి పనికొచ్చింది. అదీ మా తాత పుణ్యమా అని.

మా తాత ఊళ్లో పంతొమ్మిదిమంది ఉన్న ఇంటికి పెద్ద. ఏ చెలకలో ఏం వేయాలో, ఎవరి పెండ్లికి ఎవరు పోవాలో, ఏ ఎద్దును ఎప్పుడు అమ్మాలో ఆయన చెప్పాక ఇంకొకరు చెప్పేదేమీ ఉండేది కాదు. తలకు రుమాలు, చేతిలో పొన్నుకట్టె, కాళ్లకు కిర్రుచెప్పులు. ఆయన బయల్దేరితే మేమంతా వెనక వరుసగా నడవాలి. వయసును బట్టి స్థానం. నాది పదకొండోది, కాబట్టి నా చిన్నతనమంతా ప్రపంచం మా చిన్నబాపు వీపు వెడల్పునే ఉండేది. తాతను దాటి ముందుకు నడవడం, దారి తప్పితే తప్పావని చెప్పడం, ఈ రెండూ మా ఇంట్లో లేవు. ఒకసారి పెండ్లికి పోతూ ఆయన చీలిక దగ్గర ఎడమకు తిరిగాడు. పద్నాలుగుమందిమి నోరెత్తకుండా వెంట నడిచి వేరే ఊరు చేరాం. మాలో ముగ్గురికి అసలు దారి తెలుసట. తాత ఆ ఊళ్లో ఎద్దులు చూడటానికే వచ్చినట్టు ఒక చుట్టు తిరిగి, గంభీరంగా మమ్మల్ని మళ్లించుకొచ్చాడు. మేం చేరేసరికి పెండ్లి అయిపోయింది. చల్లారిన పప్పు మిగిలింది.

అలాంటి తాత ఒక సాయంత్రం మూటతో, కట్టెతో తార్నాకలో బస్సు దిగాడు. మర్నాడు పొద్దున పదిన్నరకు నాకు మా శాఖలోనే పరీక్ష. అందులో నెగ్గితే రోజుకూలి పోయి నెలజీతం నౌకరి. ఈ సంగతి నేను ఇంటికి ఉత్తరం రాయడమే తప్పయింది. పెద్దమనిషి వెంట లేకుండా నౌకరికి పోతే ఎవరిస్తారని ఆయన వాదన. వస్తూ వస్తూ షరతు కూడా తెచ్చాడు.

"గిది అయితె అయింది, లేకుంటె రేపటి బస్సుకే మూట సర్దు. మక్కచేను కాడ మంచె ఖాళీగున్నది. ఎక్కి పిట్టల్ని గొట్టు. నీకు లెక్కల పిచ్చి గద, ఎన్ని పిట్టలొచ్చినయో రాసుకో."

అది హాస్యం కాదు. మా ఇంట్లో ఆయన చెప్పినది హాస్యమని తేలిన సందర్భం అప్పటిదాకా ఒక్కటీ లేదు.

తెల్లవారి ఇద్దరం తొమ్మిదిన్నరకు బయల్దేరాం. నా చేతికి ఇంటాయన దగ్గర అడిగి పెట్టుకున్న గడియారం. గుమ్మం దిగుతూనే నేను అలవాటుగా ఆగాను, తాత అలవాటుగా ముందుకు నడిచాడు. ఇంటావిడ (వాళ్లది గుంటూరు వైపు) పూలకుండీకి నీళ్లు పోస్తూ చూసి, "అదేమిటయ్యా, దారి తెలిసినవాళ్లు ముందు నడవాలి గాని" అంది. తాతకు వినపడనట్టే ఉంది. వినపడకూడనివి ఆయనకు ఎప్పుడూ వినపడేవి కావు.

తాత నిమిషానికి అరవై అడుగులు వేస్తాడు. అంటే నలభైనాలుగు నిమిషాలు. చేతిలో పదహారు మిగులు. ఫరవాలేదనుకున్నాను. కాని ప్రాంగణంలోకి అడుగుపెట్టగానే అంత బీడు భూమి చూసి తాత గుండె చెరువయింది. వంగి మట్టి తీసి నలిపి వాసన చూశాడు. అక్కడ ఐదు నిమిషాలు పోయాయి. తర్వాత కాపలాదారు దొరికాడు. ఇంత భూమి పడావు పెట్టిన్రేంది, ఎవలు దున్నుతరు, బాయి ఎంత లోతు అని తాత ఆరా. ఇక్కడ చదువులు పండుతాయని అతను చెబితే, గింజలు కండ్లవడ్తలేవే అన్నాడు. మరో ఏడు నిమిషాలు.

ముందు చీలిక ఉంది. కుడికి పోతే మా శాఖ, ఎడమకు పోతే హాస్టళ్లు. తాత పొన్నుకట్టె అప్పుడే ఎడమ వైపు వాలుతోంది. వెనకనుంచి మనిషిని తిప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మొదట దగ్గాను. తాత జేబులోంచి వక్కపలుకు తీసి, తిరిగి చూడకుండానే వెనక్కి అందించాడు. తర్వాత కుడివైపుకు బాగా జరిగి నడిచాను, నా నీడైనా దారి చూపుతుందేమోనని. లాభం లేదు. చివరికి, సైకిల్ మీద ఎదురొస్తున్న మా శాఖ బంట్రోతును ఆపి, తాతకు వినబడేలా, మన శాఖకు కుడికేనా పోవాలి అని అడిగాను. అతను సైకిల్ దిగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా, మూడు నెలల సంది గిదే తొవ్వల వస్తున్నవ్. పరీక్ష అనంగనె బుగులైతున్నదా?"

నవ్వుకుంటూ పోయాడు. తాత అప్పటికే ఎడమకు తిరిగి సాగుతున్నాడు.

మరో మూడువందల అడుగులు ఆయన వెనకే నడిచాను. గడియారం పది పదహారు. వెనక్కి మూడువందలు, అక్కడినుంచి తొమ్మిదివందలు, వెరసి పన్నెండువందలు. తాత నడకన ఇరవై నిమిషాలు, అంటే ఆరు నిమిషాల ఆలస్యం. మా అధికారి గంట కొట్టగానే తలుపు వేయించే మనిషి. నా నడకన పన్నెండు నిమిషాలు. లెక్క తప్పలేదు కదా అని మళ్లీ సరిచూసుకోవడానికి ఇంకో నిమిషం పోయింది. ఒక వైపు తాత, ఒక వైపు మంచె.

"తాతా, మనం తప్పొచ్చినం. నేను ముందుగాల పోత. నువ్వు మెల్లగ రా."

అని, వెనుదిరిగి నడక మొదలుపెట్టాను. రెండో అడుగుకే నా వెనక కిర్రుచెప్పుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూసే ధైర్యం లేదు. ఆ పన్నెండువందల అడుగులూ నేను లెక్కపెట్టలేదు. పది ఇరవై తొమ్మిదికి గదిలో ఉన్నాను.

పరీక్ష అంటే నిలువు వరుసల కూడికలు, సగటులు. అవి నాకు అన్నంలో పప్పులాంటివి. కాని ప్రతి కూడిక కిందా ఒక ముసలాయన నడిదారిలో ఒంటరిగా నిలబడి కనిపిస్తున్నాడు. రెండు గంటల తర్వాత మా అధికారి కాగితాలు చూసి, సోమవారం నుంచి నెలజీతం మీద రమ్మన్నాడు. ఆయనకు సరిగా దండమైనా పెట్టకుండా బయటికి పరుగెత్తాను.

తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బంట్రోతు తెచ్చి ఇచ్చినట్టుంది, పక్కన ఖాళీ చాయ్ కప్పు.

"అయ్యిందా?"

"అయ్యింది తాతా. సోమవారం నుంచి."

తల ఊపాడు. లేచి, రుమాలు చుట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. నేనూ అలవాటుగా ఆయన వెనక నిలబడ్డాను. చివరికి కట్టె ఎత్తి ముందుకు చూపించాడు.

"నువ్వు నడువు కొడుకా. గిది నా ఊరు గాదు."

అలా నా జీవితంలో మొదటిసారి తాత ముందు నడిచాను. ముందు నడవడం సుఖమనుకునేవాణ్ణి. వీపుకు కళ్లు లేవన్న సంగతి అప్పుడే తెలిసింది. ఆయన వస్తున్నాడా, అలిసిపోయాడా, కోపంగా ఉన్నాడా? తిరిగి చూస్తే చిన్నపిల్లాడి వేషంలా ఉంటుంది. అందుకని వెనక చెప్పుల చప్పుడు వింటూ, నిమిషానికి అరవై తగ్గకుండా ఆయన అడుగులు లెక్కపెడుతూ నడిచాను. రెండువేల ఆరువందల నలభై అయ్యాయి. గది రాలేదు. మూడువేలు అయ్యాయి. లెక్క తప్పిందనుకున్నానే గాని దారి తప్పిందని తోచలేదు (సొంతంగా నేర్చుకున్నవాళ్ల రెండో జబ్బు ఇది). మూడువేల నాలుగువందల దగ్గర రైలుపట్టాలు అడ్డం వచ్చాయి. అవతల విద్యానగర్ ఇళ్లు. తార్నాక సరిగ్గా మా వీపు వెనక ఉంది.

"తాతా, గిది మన తొవ్వ గాదు."

"ఎర్కే. గా చింతచెట్టు కాన్నుంచే ఎర్కే."

చింతచెట్టు మా శాఖ మెట్లకు యాభై అడుగుల దూరంలో ఉంది.

"మరి చెప్పద్దా?"

తాత కట్టె నేలకు ఆనించి నన్ను తీరిగ్గా చూశాడు.

"ముందట నడిచేటోనికి ఎన్కకెల్లి చెప్తరార? పొద్దుగాల తొవ్వ చీలినకాడ నువ్వు చెప్పినవా?"

అని, రుమాలు కొసతో మూతి కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. నాకూ ఆగలేదు. పట్టాల పక్క రాళ్ల మీద కూర్చుని, రైలు వచ్చి పోయేదాకా ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత తాత ఆరేళ్లు బతికాడు. ఊళ్లో చివరిదాకా ఆయనే ముందు. నా స్థానం పదకొండే. నేను ఆ శాఖలోనే స్థిరపడి, ఇతరుల తప్పులు దిద్దే హోదాకు ఎదిగాను. ఇప్పటికీ అప్పుడప్పుడు కాగితం తీసి ఆ రోజు మేం నడిచిన అడుగులన్నీ కూడుతుంటాను. పోయినవి, వచ్చినవి, తప్పినవి, అన్నీ తేలతాయి. ఒక్కటే తేలదు. చింతచెట్టు దగ్గర్నుంచి పట్టాల దాకా, వీపు బిగించుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందు పోతున్న ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి చూసుకుంటూ, రుమాలు చాటున ఆయన ఎన్ని అడుగులు నవ్వుకుంటూ వచ్చాడో.