పాత టూల్ తెరవలేని ఫైలు

సచిన్ అనే పారిశ్రామికవాడలోని ఒక మిల్లులో మగ్గాల పక్కన మా కంపెనీ చిన్న చిన్న కంప్యూటర్లు పెట్టింది. ఏ మగ్గం ఎంత నేసింది, ఎక్కడ దారం తెగి ఆగింది అన్నది అవి మిల్లు ఆఫీసుకు పంపేవి. ఆ ఎండాకాలం వాటిలో ఒకటి మాటిమాటికీ ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆగినప్పుడల్లా ఆ వరస మగ్గాలు నడిపే మనిషి మీద నింద పడింది. తక్కువ నేసిన సంగతి బయటపడకుండా ప్లగ్గు పీకేస్తున్నాడన్నారు. చివరికి పని మానిపించారు.

ఆయనది నవాగామ్‌లో మా గల్లీయే. మా నాన్నతో పాటే తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాడు. నేను కాకా అని పిలుస్తాను. ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు.

"బిడ్డా, ఆ డబ్బా మీ కంపెనీదేనట గదా? నేను ప్లగ్గు గుంజిన్నంటున్నరు. నేను దాని దిక్కు గూడ పోలే. మరి అదెందుకు ఆగుతుందో నువ్వన్న చెప్పు."

"చూస్తా కాకా."

"చూస్తా అనుడు కాదు. అందరు గట్లనే అంటున్నరు. తేల్చు."

మరునాడు ఆఫీసుకు వెళ్లగానే సర్వర్‌లో వెతికాను. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున పనిచేసే కెర్నల్ కూలిపోతే, ఆ క్షణాన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా మాకు చేరేలా ఆ కంప్యూటర్లను మేమే అమర్చాం. ప్లగ్గు పీకితే ఆ ఫైలు పుట్టదు. రాయడానికి కంప్యూటర్‌కు ప్రాణమే ఉండదు. కానీ ఆగిన ప్రతిసారీ ఫైలు వచ్చింది. అన్నీ అక్కడే పడి ఉన్నాయి, ఎవరూ తెరవలేదు.

నేను తెరవబోతే మా టూల్ మొరాయించింది. కంప్యూటర్లలో కెర్నల్‌ను కొత్తదానికి మార్చారు కానీ, ఆ ఫైళ్లను చదివే టూల్‌ను ఎవరూ పట్టించుకోలేదు. లోపలి అమరిక మారిపోయేసరికి దానికి ఏదీ అర్థం కాలేదు.

మేనేజర్‌కు చెప్పాను. "ఫైలు తెరుచుకోలేదంటే సగంలో కరెంటు పోయినట్టే. ఫైలు పాడైంది. వదిలెయ్," అన్నాడు హిందీలో.

"ఫైలు బాగానే ఉంది సర్. టూల్ పాతది. కొత్త వెర్షన్‌కు మారుస్తాను."

"నడుస్తున్న దాన్ని ముట్టుకోవద్దు."

"అది నడవట్లేదు కదా సర్," అని వచ్చేశాను.

పాత టూల్‌ను కదపకుండా, నా టెస్ట్ కంప్యూటర్‌లో కొత్తది కట్టడం మొదలుపెట్టాను. దాన్ని తయారుచేసేవాళ్లు విడుదల చేసిన తాజా సోర్స్ కోడ్ తెచ్చుకున్నాను. ఎప్పుడో మా వాళ్లెవరో పాత టూల్‌లో మా డబ్బాల కోసం సొంత మార్పులు కలిపి, ఎందుకో రాయకుండా వెళ్లిపోయారు. వాటిని ఒక్కొక్కటే చదివాను. కొన్ని కొత్త సోర్స్‌లో ముందే ఉన్నాయి, వదిలేశాను. ఒకటి మాత్రం ఎంతకీ అతకలేదు. అదేం చేస్తుందో అర్థం చేసుకుని కొత్తగా రాశాను. సోర్స్‌ను టూల్‌గా మార్చే బిల్డ్ మధ్యలో, తప్పులు వెతికే డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రామ్ సోర్స్ కూడా కావాలంది. ఆఫీసు ఇంటర్నెట్ దాన్ని అడ్డుకుంది. అనుమతికి మేనేజర్ సంతకం కావాలన్నారు. నేను అడగలేదు, ఫోన్ డేటాతో దించుకున్నాను.

మేనేజర్ నా వెనక నిలబడి, "ఇది ఎవరు చేయమన్నారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. నేనే చేస్తున్నా."

చాలా రోజులు ఎర్రర్ల మీద ఎర్రర్లు. చివరికి బిల్డ్ అయింది. ముందు మాకు కారణం తెలిసిన పాత ఫైళ్ల మీద నడిపి చూశాను, జవాబు సరిగ్గా వచ్చింది. అప్పుడు కాకా పనిచేసిన వరస ఫైలు ఇచ్చాను. తెరుచుకుంది. కూలిపోయే ముందు ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో కింది నుంచి పైకి కనబడింది. పైన ఉన్నది మా సొంత డ్రైవర్, అంటే మగ్గాల సంకేతాలు అందుకోవడానికి మా కంపెనీ రాసిన ప్రోగ్రామ్. పక్కపక్క మగ్గాల్లో ఒకేసారి దారం తెగితే, తాను వదిలేసిన మెమరీనే మళ్లీ వాడబోయి కెర్నల్‌ను కూల్చేస్తోంది. ఆఫీసులో ఇంకో డబ్బాకు దారం తెగినట్టు రెండు సంకేతాలు ఒక్కసారే పంపి చూశాను. అదీ కూలింది.

మేనేజర్ స్క్రీన్ వైపు చూసి తలుపు వేశాడు. "డ్రైవర్ సరిచేసి పంపేద్దాం. మిల్లుకు మాత్రం కరెంటు సమస్య అనే రాయి."

"రాయను."

"ఉద్యోగం ఉండాలని లేదా?"

"ఒకరి ఉద్యోగం ఇప్పటికే పోయింది సర్. తప్పు మన కోడ్‌ది."

మిల్లువాళ్లతో జరిగిన కాల్‌లో నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. నేనే మైకు తెరిచి, డబ్బా మా డ్రైవర్ వల్ల ఆగిందని, ఎవరూ ప్లగ్గు పీకలేదని హిందీలో చెప్పాను.

డ్రైవర్ మార్చాక డబ్బా ఆగలేదు. మిల్లువాళ్లు కాకాకు మళ్లీ రమ్మని కబురు పెట్టారు, తప్పైందని మాత్రం అనలేదు. ఆయన వెళ్లలేదు.

"పిల్సిండ్రు. పోనన్న," అన్నాడు మా గుమ్మంలో నిలబడి. "దొంగ అన్నోళ్ల కాడ నేనేం నేస్త? పక్క మిల్లుల దొరికింది పని."

నన్ను ఆ మిల్లు పని నుంచి తప్పించారు. ఈలోగా నేను సర్వర్‌లో పెట్టిన కొత్త టూల్‌ను తీసేసి పాతదే ఉంచమన్నాడు మేనేజర్. తియ్యలేదు. కెర్నల్ మారినప్పుడల్లా దాన్నీ మారుస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.