బావ తెచ్చిన వీసా

అరబ్బీ అక్షరాలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. కోరుట్లలో మా పక్కింట్లో ఒక ముసలామె పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. మేమంతా ఆమెను ఖాలా అని పిలిచేవాళ్లం. అమ్మ బీడీలు చుడుతుంటే, ఆకు కత్తిరించే పని ఎగ్గొట్టి నేను ఖాలా వాకిట్లో కూర్చునేదాన్ని. కుడి నుంచి ఎడమకు పోయే ఆ రాత, ఒక్క చుక్క జరిగితే మారిపోయే మాట నన్ను పట్టుకుని వదల్లేదు. మగ్గం నేసే సాలోళ్ల పిల్లవు, నీకెందుకే అవి అని అమ్మ విసుక్కునేది. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది కానీ ఇది ఆగలేదు. సౌదీ నుంచి వచ్చినవాళ్లను మాటల అర్థాలు అడిగి, మందుల డబ్బాల్లో ఉండే కాగితాలు కూడా తెచ్చుకుని చదివేదాన్ని.

ఒకసారి మా వాడకట్టులో ఒకతని వీసా చూశాను. డ్రైవర్ పని అని ఏజెంటు చెప్పాడట. కాగితంలో ఇంటి పనివాడు అని ఉంది. అతను ఏజెంటు దగ్గరికి పోయి గొడవపడి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడు. ఇక మెట్‌పల్లి నుంచి, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు రావడం మొదలైంది. నేను చదివి, ఏం పనో తెలుగులో చీటీ మీద రాసిచ్చేదాన్ని. కాగితంలో ఏముందో తెలియకుండా మా దిక్కు నుంచి ఒక్క మనిషీ విమానం ఎక్కకూడదని నా కోరిక. లోకాన్ని ఎంతో కొంత బాగు చేస్తున్నానన్న గర్వం కూడా ఉండేది.

మా అక్కను సిరిసిల్లలో ఇచ్చాం. బావ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలే అంటారు. వాటి చప్పుడుకు ఆయన చెవులు మందగించాయి. మాట్లాడితే మన పెదాల వైపు చూసేవాడు. ఆ ఏడు ఆర్డర్లు లేక షెడ్లు మూతపడుతున్నాయి. ఒక ఆదివారం అక్కా బావా మా ఇంటికి వచ్చారు. జగిత్యాల ఏజెంటు ఇచ్చిన వీసా బావ చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. కంపెనీలో హెల్పర్ పని అన్నాడట.

చదివాను. రాయీ గనమ్ అని ఉందని పైకే అన్నాను.

"రాయా? రాళ్లు మోసే పనా ఏంది?" అని నవ్వాడు బావ.

"గొర్లు కాసుడు బావా."

వినపడలేదేమోనని ఎదురుగా వచ్చి కూర్చుని మళ్లీ చెప్పాను. ఎడారిలో ఒంటరిగా గొర్ల వెంట తిరిగి వచ్చినవాళ్లు చెప్పినవన్నీ చెప్పాను. అక్క ఏడ్చింది. బావ వీసా మడిచి చేతిలో పట్టుకుని అడిగాడు.

"నువ్వేమంటవ్? పోవాల్నా, వద్దా?"

"పోకు బావా. ఈడ ఏదన్న ఒకటి దొరుకుతది."

ఏం దొరుకుతుందో నాకు తెలియదు. ఆయన చూపు నా పెదాల మీదే ఉంది. నమ్మాడు.

వీసా తిరిగి ఇచ్చేశాడు. నెల తిరక్కుండానే ఆయన చేసే షెడ్డు మూతపడింది. హమాలీ పనికి పోతే, లారీ హారన్ వినపడని మనిషితో మాకు భయమని రావద్దన్నారు. మహారాష్ట్రలోని భివండీకి సాంచాల పనికి పోయి, అక్కడా పని దొరక్క తిరిగొచ్చాడు. వానలు మొదలైన రోజుల్లో, అక్క నీళ్లకు పోయిన వేళ, ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు.

అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాం. చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే అంది.

"నువ్వు సదువకపోతే పోయేటోడు. గొర్లన్న కాసుకుంట బతికి ఉండేటోడు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని అడగబోయి, ఆకు కత్తిరించడానికి కూర్చున్నాను.

కొన్నాళ్లు ఎవరొచ్చినా చదవనన్నాను. చందుర్తి దగ్గరి పల్లె నుంచి ఒకామె భర్త వీసా పట్టుకొచ్చి, గడప మీద కూర్చుని లేవలేదు. చదివాను. తోట పని అని ఉంది. చీటీ రాసిచ్చాను. పంపాలా వద్దా అని ఆమె అడిగింది. కాగితంలో ఉన్నది ఇంతే అని మాత్రం చెప్పగలిగాను. ఇంకేమైనా చెబుతానేమోనని కొంచెంసేపు ఆగి, చీటీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికీ చదువుతున్నాను. ఎవరైనా కాగితంతో వస్తే అక్క బీడీల చేట తీసుకుని పక్కింటికి పోతుంది. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపటి దాకా రాదు.