దేచమ్మ తోమిన తుపాకీ

కైల్‌పోళ్దు పండగ దగ్గరపడిందంటే దేచమ్మ ఆయుధాల పూజ కోసం తాతలనాటి తుపాకీని దించి ఒళ్లో పెట్టుకునేది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మామగారు అప్పగించిన పని అది. ఇటుకపొడితో గొట్టాన్ని తోమి, కొబ్బరినూనె పట్టించి, ముఖం కనబడేదాకా గుడ్డతో రుద్దేది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మెచ్చుకోలు ఏదైనా ఉందంటే ఆ మెరుపు గురించే. ఈ ఏడాది తుపాకులన్నీ మళ్లీ నమోదు చేయించాలనడంతో మరిది కొడుకు బెళ్ళియప్ప దాన్ని పట్నం తీసుకెళ్లాడు. దేచమ్మ కూడా వెంట వెళ్లింది. అధికారి భూతద్దం పెట్టి గొట్టమంతా వెతికాడు. "నంబరేదయ్యా? చేసినవాడి పేరు కూడా అరిగిపోయింది. ఇది మీదేనని ఎలా రాయను?"

"మా మామగారిదే బాబూ, ఇన్నేళ్లుగా నేనే తోముతున్నా," అంది దేచమ్మ, కాస్త గర్వంగానే.

బెళ్ళియప్ప పళ్లు కొరికాడు. "తోమి తోమి నువ్వే చెరిపేశావన్నమాట, పెద్దమ్మా!"

తుపాకీ అక్కడే ఉండిపోయింది. పండగనాడు పక్కింటి తుపాకీని అడిగి తెచ్చి పూజకు పెట్టారు. దాని మూతిలో గుచ్చడానికి దేచమ్మ ఎప్పటిలాగే తోటలోంచి ఎర్రటి తుపాకిపువ్వు కోసుకొచ్చింది. తోడికోడలు ఎదురొచ్చి పువ్వు అందుకుంది.

"నువ్వు ముట్టుకోకక్కా. పరాయివాళ్ల సొమ్ము."