ప్రార్థనలో పడిన ముడి

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారన్న మాట నేను ఎన్నడూ నమ్మలేదు. మా నాన్న దగ్గర పెరిగినవాళ్ళెవరూ దయ్యాలకు భయపడరు. దుప్పటి కప్పుకుని డొంకలో నిలబడి ఊరిని హడలగొట్టిన దయ్యం ఆయనే మరి.

మాది నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య పల్లె. నాన్న రైతుల మిరపకాయ బస్తాలు బండి మీద జగ్గయ్యపేట తోలేవాడు. బస్తా మూతికి ఆయన వేసే ముడి వేరు. ఎడమచేతి వాటం కావడంతో మెలిక ఎదురు తిరిగి ఉండేది. లాగేకొద్దీ బిగుసుకునేది, వదులు చేసి దగ్గరికి జరిపితే ఇట్టే జారిపోయేది. నాకు నేర్పబోయి, నా వేళ్ళ అవస్థ చూసి నవ్వి వదిలేశాడు.

అల్లరి చేయకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. మాది క్రైస్తవ కుటుంబం. ఇళ్ళలో ప్రార్థన పెడితే ఆడవాళ్ళం ముసుగేసుకుని కళ్ళు మూసుకుంటాం. పెద్దలు ప్రార్థన మొదలుపెడితే ఓ పట్టాన ముగించరు. ఆ సందులో నాన్న చప్పుడు చేయకుండా వచ్చి, పక్కపక్కన కూర్చున్న ఇద్దరి కొంగులు ముడేసి పోయేవాడు. ఆమేన్ అని లేవగానే ఒకరిమీద ఒకరు పడాల్సిందే. ఎక్కువగా చిక్కింది మా అమ్మే.

"వదులయ్యా, పొయ్యిమీద కూర మాడిపోద్ది," అనేది వెనక్కి చూడకుండానే.

"ఆమేన్ అనేశావుగా. ఇంక దేవుడు కూడా వదిలించడు," అనేవాడు.

నన్ను పెనుగంచిప్రోలు ఇచ్చాక, నా కూతురు ఆయనకు జత అయింది. తాత నోటిమీద వేలు పెడితే అదీ పెట్టేది. ముడి పడ్డాక మాత్రం ఆపుకోలేక కిసుక్కున నవ్వి పట్టించేది.

పంతొమ్మిది వందల అరవైల్లో ఓ ఎండాకాలం, జగ్గయ్యపేటలో బస్తాలు దించి వస్తూ దారిలోనే గుండె ఆగి పోయాడు. ఎద్దులు వాటంతటవే ఇంటికి వచ్చాయి. బండిలో పడుకున్న మనిషిని చూసి, మళ్ళీ వేషం వేశాడనుకుంది అమ్మ. "చాల్లే, లేవయ్యా," అంటూ నవ్వింది. లేవకపోయేసరికి తిట్టింది. నీళ్ళు కూడా మొహాన కొట్టింది. ఆ తర్వాత తెలిసింది.

అప్పటినుంచి అమ్మ ఏడవలేదు, అన్నం ముట్టలేదు. గంజి నోటి దగ్గర పెడితే ఒకటి రెండు గుటకలు మింగి మొహం తిప్పుకునేది. "పోయిన మనిషిని తిట్టానే అమ్మాయ్," అన్నది ఒక్కసారి. అంతే. నందిగామ డాక్టరు గారు రోగమేమీ లేదన్నారు, తినకపోతే మనిషి దక్కదన్నారు. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. వీధిలో బండి చప్పుడైతే చాలు గుమ్మంలోకి పోయేదాన్ని.

నెల తిరిగాక మమ్మల్ని ఓదార్చే ప్రార్థనకని ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. పట్టపగలు. అమ్మా నేనూ చాప మీద గోడకు వీపులు ఆనించి కూర్చున్నాం. ముసుగుకు పోగా మిగిలిన కొంగులు వీపులకూ గోడకూ మధ్య ఉన్నాయి. కూతురు నా ఒడిలో నిద్రపోతోంది. పెదనాన్న ప్రార్థన చేస్తున్నాడు. మనసు నిలవక రెండు మూడుసార్లు కళ్ళు తెరిచాను. అందరూ తలలు వంచుకుని ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. మా దరిదాపులకు ఎవరూ రాలేదు.

ఆమేన్ అని లేవబోయాను. ముసుగు వెనక్కి లాగినట్టయింది. నాతోపాటు అమ్మా ఇటు ఒరిగింది.

"వదులయ్యా, పొయ్యిమీద కూర మాడిపోద్ది," అన్నది అమ్మ, వెనక్కి చూడకుండానే.

ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ కుదుపుకు లేచిన నా కూతురు ముడి చూసి కిసుక్కున నవ్వింది. "తాతేడీ?" అంటూ తలుపు వెనక వెతికింది.

నేను కంగారుగా కొంగు లాగాను. బిగుసుకుంది. మెలిక ఎదురు తిరిగి ఉంది. పెదనాన్న చేయి వేశాడు, ఇంకా బిగుసుకుంది.

"లాగమాకు. దగ్గరికి రా," అన్నది అమ్మ.

జరిగాను. భుజానికి భుజం తగిలింది. ముడి జారిపోయింది. అప్పుడు అమ్మ నా మీద పడి ఏడ్చింది, బండి వచ్చిన రోజునుంచీ దాచుకున్నదంతా. "కోపం లేదే మీ నాన్నకి," అన్నది. సాయంత్రం తనే కంచం తెచ్చుకుని, "ఇంత అన్నం పెట్టవే," అని అడిగింది. అమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది.

కూటానికి వచ్చినవాళ్ళందరినీ అడిగాను. మేమే వేశామన్నవాళ్ళు ఎవరూ లేరు. పిల్లల పని అన్నారు కొందరు. వీపులు గోడకు ఆనుకుని ఉంటే వెనక్కి చేయి ఎలా పోతుందో ఎవరూ చెప్పలేదు. అదే చీరలతో, అదే గోడకు ఆనుకుని నేనూ ప్రయత్నించాను. ఆ ముడి నాకు పడలేదు.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే మాత్రం వీపు వెనక ఎవరో మెదిలినట్టుంటుంది. ఆమేన్ అన్నాక అందరూ లేస్తారు. నేను వెంటనే లేవను. ముందు చేయి వెనక్కి పెట్టి కొంగు తడుముకుంటాను.