అందింది, మనిషి బయలుదేరాడు

కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఆఫీసులో అతనికి పనే లేకుండా పోయింది. అందరూ ‘అయిపోయిందిగారు’ అనే పిలిచేవారు. ఏ పని చెప్పినా, చెప్పేవాళ్ళ నోట్లో మాట ఇంకా పూర్తి కాకముందే “అయిపోయింది సార్” అనేసి, ఆ తర్వాత పరుగెత్తుకెళ్ళి ఆ పని చేసేవాడు. అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. సాయంత్రంలోగా ఆ పని నిజంగానే అయిపోయేది. మాట ముందు నడిచేది, మనిషి ఆయాసపడుతూ వెనకాలే వెళ్ళి దాన్ని అందుకునేవాడు. ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఫోన్ చేసి బయలుదేరారా అంటే, కుర్చీలోంచి లేవకుండానే బయలుదేరాననేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాటకి ఓ అరగంట కలుపుకుని అన్నం వండటం నేర్చుకుంది.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. అతను కౌంటర్లో చేరిన కొత్తలో ఒక ఫోను, ఒక లావుపాటి పుస్తకం ఉండేవి. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. నలభై దాటాక కూర్చుని నేర్చుకుని, ఫిర్యాదుల కోసం ఒక వెబ్ ఫారం తనే తయారుచేశాడు. అయితే దాంతో ఒక తంటా వచ్చిపడింది. బటన్ నొక్కగానే పేజీ మొత్తం తెల్లబోయి, ఎంతసేపటికో తిరిగొచ్చేది. ఆ తెల్లదనం చూసి జనం ఒకటికి పదిసార్లు నొక్కేవారు. ఒకసారి ఒకే లిఫ్టుకి ముగ్గురు మెకానిక్కులు వెళ్ళి, గుమ్మంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడతను పేజీ కదలకుండా వివరాలు పంపే కిటుకు పట్టుకున్నాడు. ఓనరుకి దాన్ని ఎంతో ముచ్చటగా వివరించాడు. కథ చెప్పేవాడికి ఎదురుగా ఒకరు ఊఁ కొడుతుంటారు కదా, ఇదీ అంతేనట. పేజీ ఉన్నచోటే ఉంటుంది, రాసింది మాత్రం వెనకదారిన సర్వరుకి వెళ్తుంది, అది విని ఊఁ కొడుతుంది, ఆ ఊఁ అందాక తెరమీద ‘అందింది’ అని చూపిస్తాం అన్నాడు. ఓనరుకి తెగ నచ్చేసింది. ఉన్న ముప్ఫై ఏడు లిఫ్టుల్లోనూ పాత గంటలు పీకించేసి, వాటి చోట చిన్న తెరలు బిగించమన్నాడు. ఎవరైనా ఇరుక్కుంటే బటన్ నొక్కడమే.

చిక్కల్లా ఆ ఊఁ దగ్గరే వచ్చింది. ఒక్కోసారి దానికి పదిహేను సెకన్లు పట్టేది. లిఫ్టులో ఇరుక్కున్నవాడికి పదిహేను సెకన్లంటే ఎంతో వేరే చెప్పాలా? ఇక మనవాడి స్వభావం ఊరుకుంటుందా! ఊఁ కోసం ఎదురుచూడటం ఎందుకు, ఎలాగూ వస్తుంది కదా అని, వేలు ఆనగానే మాట కనిపించేలా రాసేశాడు. ‘అందింది. మనిషి బయలుదేరాడు. కంగారు పడకండి.’ ఆఫీసులో పరీక్షిస్తే చిటికేసినంతలో వచ్చింది. ఓనరు భుజం తట్టాడు.

ఏడాది సజావుగా గడిచింది. ఒక రోజు మెకానిక్కు నెలవారీ నూనె వెయ్యడానికి ఒక పాత నాలుగంతస్తుల బిల్డింగుకి బయలుదేరితే, తెరల మీద దుమ్ము ఎలా ఉందో చూద్దామని ఇతనూ వెంట వెళ్ళాడు. మధ్యాహ్నం మూడైంది. లిఫ్టు ఒకటికీ రెండుకీ మధ్య ఆగి ఉంది. తలుపు విడదీస్తే లోపల మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ కనిపించింది. బట్టలమూట మీద నిటారుగా, కౌంటరు ముందు వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుని ఉంది. తెర వెలుతురు ఆవిడ మొహం మీద పడుతోంది. పొద్దున పదింటికి ఎక్కిందట.

అరవకపోయారా అన్నాడు మెకానిక్కు. ఆవిడకి కోపం కూడా రాలేదు.

“మనిషి బయలుదేరాడని రాసి ఉందిగా బాబూ. వస్తున్నవాళ్ళని తొందరపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. బాగా దూరం నుంచి వస్తున్నారేమో అనుకున్నాను.”

అతను ఆఫీసుకొచ్చి సర్వరు తీసి చూస్తే ఆ బిల్డింగు నుంచి ఆ రోజు ఒక్క ముక్కా రాలేదు. పైఅంతస్తులో తప్ప అక్కడ సిగ్నలే లేదు. అయిదు గంటలపాటు ఆవిడకి ధైర్యం చెప్పింది ఎవరో కాదు, ఏడాది కిందట అతను రాసిపెట్టిన వాక్యం. ఆ రాత్రి నుంచీ అతనికి ఒకటే ఊహ. ఆ మాట కనిపించిన ప్రతిసారీ ఎక్కడినుంచో ఒక మనిషి బయలుదేరాడు. సంచీ భుజాన వేసుకుని నడుస్తున్నాడు. ఇంకా చేరలేదు. అలాంటివాళ్ళు ఇప్పుడు దారిలో ఎంతమంది ఉన్నారో అనుకుంటే ఒళ్ళు జలదరించేది.

మర్నాడే సరిదిద్దాడు. సర్వరు ఊఁ కొట్టేదాకా మాట కనిపించకూడదు, కొట్టకపోతే ‘అందలేదు, గట్టిగా పిలవండి’ అని రావాలి. గంటలో ముగించాడు. ఎందుకైనా మంచిదని పక్కవీధి లిఫ్టులోకెళ్ళి నొక్కి చూస్తే, వేలు ఆనీ ఆనకముందే పాత మాటే పలకరించింది. అందింది. మనిషి బయలుదేరాడు.

మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. తర్వాత వెలిగింది. ఆ తెరల్లో పేజీ బిగించిన రోజున తెరిచిందే. మళ్ళీ తెరిచే అవసరం రాకుండా చేసిన ఘనుడు తనే. సర్వరులో కొత్తది పెట్టినా, ముప్ఫై ఏడు లిఫ్టుల్లో ఏడాదినాటి పేజీ కదలకుండా, చావకుండా అలాగే వెలుగుతోంది. ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి చేత్తో మళ్ళీ తెరవాల్సిందే. తొమ్మిది రోజులు తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ముప్ఫై ఆరు పూర్తయ్యాయి. ఆఖరిది బట్టలు కుట్టే ఆవిడ ఉండే బిల్డింగు. ఇంకా వీధిలో ఉండగానే ఓనరు ఫోన్ చేసి, అన్నీ పూర్తయ్యాయా అన్నాడు. అయిపోయింది సార్ అన్నాడు ఇతను. ఫోను జేబులో పెట్టబోతుంటే భార్య చేసింది. భోజనానికి బయలుదేరారా అని. బయలుదేరాననేశాడు.

లోపల కింద సిగ్నలు లేదు కాబట్టి, పేజీ మళ్ళీ తెరవాలంటే లిఫ్టు ఎక్కి పైకి పోవాలి. మెకానిక్కు బాగుచేసి వెళ్ళినా, ఆ రోజు నుంచీ బిల్డింగులో అందరూ మెట్లే ఎక్కుతున్నారు. అతను ఎక్కి నాలుగు నొక్కాడు. ఒకటి దాటింది. రెండు రాలేదు. చిన్న కుదుపుతో ఆగిపోయింది.

ఫోను చూశాడు. ఒక్క గీతా లేదు. గంట ఉండాల్సినచోట తెర ఉంది. ఏమవుతుందో బిల్డింగు మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే, అయినా వేలు దానంతటదే వెళ్ళి బటన్ నొక్కింది.

‘అందింది. మనిషి బయలుదేరాడు. కంగారు పడకండి.’

నవ్వొచ్చింది. ఆ నవ్వు లోపల మరీ గట్టిగా వినిపించేసరికి ఆపేశాడు. ఎవరు వెతుకుతారు తనని? ఆఫీసులో లెక్కప్రకారం పని అయిపోయింది. ఇంట్లో లెక్కప్రకారం దారిలో ఉన్నాడు. సాయంత్రందాకా ఏ ఒక్కరికీ అనుమానం రాదు, ఈ లిఫ్టు ఎవరూ పిలవరు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గాలి చాలడం లేదనిపించింది. అరవాలని నోరు తెరిచాడు, తెరవంక చూశాడు, మూసేశాడు. కంగారు పడకండి అంటోంది అది. నిజం చెప్పొద్దూ, ఆ మాటని నమ్మాలనిపించింది. రాసినవాడు తనే అయినా నమ్మాలనిపించింది. పేజీ మూసేద్దామని వేలు చాచి, ఉన్న ఒక్క తోడూ పోతుందేమోనన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. ఎంతసేపలా కూర్చున్నాడో, సంచీ భుజాన వేసుకున్న ఆ మనిషి అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి వింటున్నానని అతనికే అర్థమైనప్పుడు, ఒక్క ఉదుటున లేచాడు.

చొక్కా విప్పి తెరమీద కప్పాడు. చీకట్లో, పైన ఎక్కడో కుట్టుమిషను చప్పుడు వినిపించింది. రెండు చేతులతో తలుపు బాదుతూ అరిచాడు. మిషను ఆగలేదు. నాలుక పిడచకట్టుకుపోయేదాకా అరిచాడు. మిషను ఆగింది. మెట్ల మీద అడుగులు దిగివచ్చి తలుపు సందు దగ్గర ఆగాయి. ఆవిడే.

తలుపు మీదున్న కంపెనీ నంబరు చూసుకుని ఆవిడ మేడమీదికెళ్ళి ఫోన్ చేసి వచ్చింది.

“ఆ బిల్డింగు పని అయిపోయిందండీ అంటున్నారు బాబూ. వాళ్ళ మనిషి వచ్చి చూసి వెళ్ళిపోయాడట. ఫోన్ పెట్టేశారు.”

అతను తలుపు సందుకి నోరు ఆనించాడు.

“ఆ వెళ్ళిపోయినవాణ్ణి నేనేనమ్మా. ఇంకా ఇక్కడే ఉన్నానని చెప్పండి. ఎవరొస్తున్నారో మనిషి పేరు చెప్పేదాకా ఫోన్ పెట్టొద్దు.”

ఆవిడ మళ్ళీ వెళ్ళింది. ఈసారి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి, ఎవరొస్తున్నారో పేరు చెప్పి, చేతికుట్టు పని ఒళ్ళో పెట్టుకుని, ఒక స్టూలు లాక్కుని తలుపు పక్కన కూర్చుంది. నేనున్నాను, పిలుస్తూ ఉండు బాబూ అంది. అతను నిమిషానికోసారి ఉన్నారా అని పిలిచేవాడు. ఆవిడ బయటినుంచి ఊఁ అనేది. ఒకసారి ఆ ఊఁ రావడం కొంచెం ఆలస్యమైంది. ఆ కాస్తసేపట్లో అతనికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు. దారం తెగక పళ్ళతో కొరుకుతున్నానని, అందుకే పలకలేదని చెప్పిందావిడ.

నాలుగున్నరకి మెకానిక్కు తలుపు విడదీశాడు. అతను బయటికొచ్చి, మళ్ళీ లోపలికి చెయ్యి చాపి చొక్కా తీసుకున్నాడు. దాని కింద తెరమీద ఆ మాట ఇంకా వెలుగుతూనే ఉంది. వైరు పట్టుకుని లాగేశాడు.

ఇంటికి ఫోన్ చేద్దామని మేడమీదికి వెళ్ళగానే జేబులో ఫోను మోగింది. భార్య. అన్నం చల్లారిపోయిందని విసుక్కుంటోంది, అసలు బయలుదేరారా లేదా అంటోంది.

“ఇంకా బయలుదేరలేదు,” అన్నాడు.

అవతల విసుగు ఠక్కున ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ మాట వినలేదు.

“ఏమైందండీ?” అంది.